సీటు మీద మాస్టర్‌పీస్

ఆ నవల మాస్టర్‌పీసే! కాదన్నవాళ్లు పొద్దున్నే ఎల్లారెడ్డి బస్టాండుకు వచ్చి, కామారెడ్డి బస్సులో సీటు సంపాదించి చూపించాలి.

నవల సంగతి మీరూ వినే ఉంటారు. రాబోయే కాలంలో ఒక నగరం. గుప్పెడు అన్నం కోసం మనిషిని మనిషి పొడుస్తాడట. మొదటి పేజీలోనే పదకొండు శవాలట! ఈ 'అట' ఎందుకంటారా? దాన్ని ఆకాశానికెత్తే సునీల్‌కుమార్ సారూ, నిషేధించాలనే నగేశ్ సారూ కూడా 'అట' అనే చెబుతారు మరి. కామారెడ్డి కాలేజీలో పాఠాలు చెప్పడానికి పోయే దారి పొడవునా, పక్కపక్క సీట్లలో ఇదే పంచాయితీ.

"అది కళాఖండం సార్!"

"అది మటన్ దుకాణం సార్!"

అదే బస్సులో పోయే మైసన్న ఇదంతా వినేవాడు. ఆయన బాధ వేరు. తల్లి ఈరవ్వకు మోకాళ్లు అరిగిపోయాయి. వారం వారం కామారెడ్డి దవాఖానకు తీసుకుపోవాలి. నిలబడితే ఆమె కాళ్లు వణుకుతాయి. కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపడం మన ఆచారమే. కానీ ఈ రోజుల్లో దస్తీకి విలువేది? ఎవరో ఒకరు దాన్ని తీసి, దానితోనే చెమట తుడుచుకుని, దర్జాగా కూర్చుంటున్నారు!

ఎక్కడో సన్మానంలో ముట్టిన కాపీని సునీల్‌కుమార్ సారు ఒకరోజు మైసన్న చేతిలో పెట్టాడు. "చదువు మైసన్నా, నిద్ర పట్టదు!" దాని ప్లాస్టిక్ కవరు కూడా సారు విప్పలేదు. అట్ట మీద తెగిన చెయ్యి, ముళ్లకంచె, నెత్తురు కారే కన్ను.

మరుసటి వారం దస్తీ ఇంట్లో మరిచిపోయి, మైసన్న ఆ పుస్తకాన్నే కిటికీలోంచి వేశాడు.

ఏం చెప్పమంటారు! ఎగబడ్డవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగారు. "అమ్మో, గిదేంది! చేతబడి, బాణామతి గిట్ల జేసిండ్రా?" అని ఒకాయన తన మూటను వెనక్కి లాక్కున్నాడు. ఈరవ్వ దొరసానిలా వచ్చి కూర్చుంది. మీ కావ్యాల్లో, ప్రబంధాల్లో ఏదైనా ఇంతవరకు ఒక్క సీటు ఆపిందా?

చలికాలమంతా అట్లా గడిచింది. పోయిన సోమవారం షగుఫ్తా ఎక్కింది. డిగ్రీ చదివే పిల్ల. జంకడం మాట అటుంచి, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ సీట్లోనే కూర్చుంది!

మైసన్న నోరు విప్పక తప్పలేదు. "బిడ్డా, గది మేం ఆపిన సీటు. గా బొమ్మ జూసి భయం గాలేదా?"

"నేను చదివిన అన్నా, రెండుసార్లు."

బస్సు కదిలింది. కమ్మీ పట్టుకున్న ఈరవ్వ కాళ్ల వంక చూసి షగుఫ్తా లేచి నిలబడింది.

"కూసో అవ్వా. గీ పుస్తకంల ముసలోళ్లు పడిపోతున్నా ఒక్కలు గూడ లేవరు. గది చదివినంక, నువ్వు నిలబడితె నాకు కూసోబుద్ధి అయితలేదు."

ముందు సీట్లో సార్లిద్దరూ వెనక్కి తిరిగారు.

"చూసిండ్రా? మాస్టర్‌పీస్!" అన్నాడు సునీల్‌కుమార్.

"ఒక్క పిల్లను జూసి ఎట్ల జెప్తరు సార్?" అన్నాడు నగేశ్.

కామారెడ్డి వచ్చినా తేలలేదు. చుట్టూ ఎందరు ఊగుతూ నిలబడ్డా ఇద్దరూ లేవలేదు. చర్చకు కూర్చోవడం అవసరం కదా!

దిగేటప్పుడు మైసన్న పుస్తకాన్ని భద్రంగా చంకలో పెట్టుకుంటుంటే ఈరవ్వ నవ్వింది. "గా పిల్ల ఎక్కే బస్సుకు పుస్తకమెందుకు కొడుకా? దస్తీ గూడ అక్కర్లే."

నిజమే. మిగతా బస్సుల కోసం మాత్రం, రచయితలు లోపల ఏమి రాసుకున్నా, అట్ట మీద ఇంకాస్త నెత్తురు పోయించాలని మనవి.