చిన్నయ్య సున్నా డోసు

అణు కర్మాగారంలో పనిచేసేవాళ్లకు కాస్తంత రేడియేషన్ తగిలితే ఏమీ కాదు. ఇది నా మాట కాదు, రికార్డుల మాట. నమ్మనివాళ్లు కథలాపూర్ వచ్చి చిన్నయ్యను చూడండి!

చిన్నయ్య పదకొండేళ్లు ఓ అణు కర్మాగారంలో కాంట్రాక్టు కూలీగా గచ్చులూ పైపులూ తుడిచాడు. ఒంటికెంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి ఛాతీకి ఓ బ్యాడ్జీ ఇచ్చారు. పదకొండేళ్లూ అది చూపించింది సున్నా. ఇప్పుడాయనకు రక్తంలో క్యాన్సరుందంటే అది వేరే సంగతి.

వైద్యం చేయించమని కంపెనీకి అర్జీ పెట్టుకున్నాడు. నిపుణుల కమిటీ కూర్చుంది. ఆ పనెంత కష్టమో మీకు తెలుసా? లక్షలమంది రికార్డులు ముందేసుకుని, ఇంత రేడియేషన్ డోసుకు ఇంతమందికి క్యాన్సర్ రావచ్చని అంచనా కట్టాలి. తక్కువ డోసు దగ్గరికొచ్చేసరికి మహామహులే జుట్లు పట్టుకుంటారు. మన కమిటీకి ఆ బాధ లేదు. సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నాయే కదా!

మరి రోగం ఎక్కడిదంటారా? అర్జీలో భార్య వృత్తి అని ఓ గడి ఉంది. కళావతి బీడీలు చుడుతుంది. కమిటీకి కారణం దొరికింది! చిన్నయ్య జన్మలో బీడీ తాగలేదు, కానీ ఇల్లంతా పొగాకు దుమ్మే కదా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఏ వాడకెళ్లినా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లే. కాబట్టి ఏ కర్మాగారమైనా మన కూలీలను ధైర్యంగా పెట్టుకోవచ్చు. ఎవరికేమొచ్చినా కారణం ఇంట్లోనే సిద్ధంగా ఉంటుంది.

కమిటీ ఉత్తరం చదివించుకున్న రోజు కళావతి తునికాకు చాట పక్కకు నెట్టేసింది.

"నా చేతులతోనే నీకు గీ రోగం అంటిచ్చిన్నా?" అంది.

చిన్నయ్య మెల్లగా చెప్పాడు.

"నీతోని కాదే. బ్యాడ్జి ఎక్కువ చూపిస్తె పనిలకెల్లి తీసేటోళ్లు. అందుకే మేమందరం దాన్ని బయట షెడ్డుల గోడకు తగిలిచ్చి లోపలికి పోయేటోళ్లం."

"గదే రాసియ్యి మరి."

"రాస్తె సతీశ్‌ను తీసేస్తరు."

సతీశ్ వాళ్ల కొడుకు. రెండేళ్లుగా అవే గచ్చులు తుడుస్తున్నాడు. చిన్నయ్య ఏమీ రాయలేదు. కళావతి చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఆమెకు ఏడవడానికి కూడా తీరిక లేదు.

కనుక పాఠకులారా, రేడియేషన్ గురించి బెంగ పెట్టుకోకండి. సతీశ్ బ్యాడ్జీ కూడా సున్నాయే చూపిస్తోంది. మొన్ననే సంబంధం కుదిరింది. పిల్లది కోరుట్ల, బీడీలు బాగా చుడుతుందట.