ఖాళీ కుర్చీకి గేటు తెరవరు

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మదన్‌మోహన్ ఒక ప్రకటన చేశాడు. అందరం కలిసి జహీరాబాద్ బయట చెరువుకు పోదామన్నాడు. చెరువు చుట్టూ పక్షుల వనం పెంచారు, చదునైన బాట వేశారు, పిల్లలూ పెద్దలూ హాయిగా తిరగవచ్చు. చక్రాల కుర్చీ కూడా సాఫీగా పోతుందట. ఆ ఆఖరి మాట అంటూనే, పక్కింట్లో అడిగి తెచ్చిన కుర్చీని హాల్లోకి తోసుకొచ్చాడు.

వాళ్లమ్మ భాగీరథి దాన్ని కిందికీ మీదికీ చూసింది.

"గిది ఎవలికి?"

"నీకేనమ్మా. మోకాలి ఆపరేషనైనంక నడుసుడు కష్టం గదా."

"కష్టమని నువ్వంటున్నవ్. నా మోకాలు అంటలేదు."

నిజానికి తగవు కుర్చీ గురించి కాదు. ఝరాసంగంలో ఆమెకు కందిచేను ఉంది. విత్తిన నాటి నుంచి కోసే దాకా ఆమే చూసుకునేది. ఆపరేషన్ తర్వాత కొడుకు ఆమెను చేను గట్టు తొక్కనివ్వలేదు. ఆ ఊరి శంకరప్పకు కౌలుకిస్తానని మాటలు కూడా మొదలుపెట్టాడు.

"చెరువు సుట్టు నా కాళ్లమీదనే తిరిగొస్త," అంది భాగీరథి. "తిరిగొస్తె చేను నేనే చూస్కుంట. కౌలు లేదు, గీలు లేదు."

"తిరగకుంటే?"

"గప్పుడు గా కుర్చీల కూసుంట. నువ్వెటు తోస్తె అటు పోత."

మదన్‌మోహన్ సరేనన్నాడు. సగం దూరం కూడా పోకముందే తోవలో కూలబడుతుందని అతని నమ్మకం. అందుకే కుర్చీని కారెక్కించాడు.

చెరువు దగ్గర కారు ఆగీ ఆగగానే భాగీరథి దిగి, మనవరాలు స్నిగ్ధతో చిన్న గేటులోంచి లోపలికి నడిచింది. మదన్‌మోహన్ కుర్చీని దింపి విప్పుతుండగా, భార్య పూజిత పెద్ద గేటు తీయించడానికి పోయి వట్టి చేతులతో తిరిగొచ్చింది.

"ఖాళీ కుర్చీ లోపటికి తేవద్దంటుండు వాచ్‌మన్. పోరగాళ్లు తెచ్చి పందేలు పెడుతున్నరట. మనిషి కూసుంటెనే గేటు తీస్తడట. పోనీయండి, ఈడనే పెడదాం."

"అమ్మకు నడిమిట్ల కాళ్లు గుంజితే?" మదన్‌మోహన్ అటూ ఇటూ చూసి, తనే కుర్చీలో కూర్చున్నాడు. "మలుపు దాటినంక లేస్త. జర తొయ్యి."

వాచ్‌మన్ గురులింగప్ప గేటు తీస్తూ అతని వంక జాలిగా చూశాడు.

"అయ్యో సార్, ఇంత చిన్న వయసులనా!" అని కుర్చీ బెల్టును అతని నడుముకు బిగించి, కాళ్ల మీద తన శాలువా కప్పి, పూజిత చేతుల్లోంచి పిడులు అందుకున్నాడు. "ఫికర్ చెయ్యకున్రి మేడం. సుట్టంత నేనే తిప్పి చూపిస్త."

మలుపు వచ్చింది, పోయింది. మదన్‌మోహన్ లేవలేదు. అబద్ధమాడి లోపలికొచ్చానని చెప్పాలంటే ముందు గురులింగప్ప మొహం చూడాలి. ఆ మొహం అప్పటికే ఏడవడానికి సిద్ధంగా ఉంది. పూజిత మాత్రం కొంగలను చూస్తున్నట్టు మొహం తిప్పుకుని పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

సరిగ్గా అప్పుడే వీరన్న ఎదురయ్యాడు. ఝరాసంగం నుంచి షేర్ ఆటో నడిపే వీరన్న కడుపులో ఏ మాటా దాగదు.

"మదనన్నా! ఏమైందే?"

"ఏం కాలే వీరన్నా, ఉత్తగనే..."

"గట్లనే అంటరు పాపం, ధైర్యానికి," అన్నాడు గురులింగప్ప.

వీరన్న కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు. మదన్‌మోహన్‌కు కాళ్లు పడిపోయాయని అతను చెప్పాడు. ఆ మాట ఊరు చేరేసరికి, దవాఖానలో రెండు కాళ్లూ తీసేశారని అయింది.

చెరువుకు అవతలి ఒడ్డున భాగీరథి మోకాలు మండుతోంది. కంచె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"నానమ్మా, బెంచీ ఉంది. కూసుందామా?"

"బెంచీ యాడికి పోతది? గాడనే ఉంటది. నడువు. చెయ్యి పట్టకు, పక్కపొంటి రా."

అప్పుడే స్నిగ్ధ వేలు చూపిన వైపు తలెత్తింది. నీళ్లకు ఇవతల కొడుకు కుర్చీలో కూర్చుని తోయించుకుంటున్నాడు. భాగీరథికి నవ్వాగలేదు. మోకాలి మంట పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి మళ్లీ అడుగేసింది.

ఇవతల బాట మీద జనం మూగారు. ఊరి నుంచి వచ్చిన ఆటోలోంచి ముందుగా శంకరప్ప దూకాడు. కప్పి ఉంచిన శాలువా కింద కాళ్లు ఉన్నాయో లేవో వంగి చూశాడు. మదన్‌మోహన్‌కు ఇక ఓపిక నశించింది.

"నాకేం కాలే! సూడున్రి!" అని అరిచి దిగ్గున లేచాడు.

బెల్టు ఊడలేదు. కుర్చీ కూడా అతనితోపాటే లేచింది. కుర్చీని వీపున మోస్తూ రెండడుగులు తూలి, బాట దిగి, తుంగలోంచి జారి, ఒడ్డు బురదలో బోర్లా పడ్డాడు. నీటికోళ్లు గుంపుగా లేచిపోయాయి. మడమ దగ్గర కాలు కలుక్కుమంది. ఈసారి అతను పెట్టిన కేక నిజమైనది.

"జెప్పిన గదా, కాళ్లు లెవ్వని!" అన్నాడు వీరన్న విజయగర్వంతో.

బురదలోంచి లేపి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టేసరికి, చెరువు చుట్టూ తిరిగి భాగీరథి రానే వచ్చింది. చెమట కారుతోంది, అడుగు కాస్త కుంటుతోంది, తల మాత్రం నిటారుగా ఉంది. కొడుకు వాచిన కాలు వేళ్లతో నొక్కి చూసింది.

"ఇరగలే. బెణికింది," అంది.

శంకరప్ప చేతులు నలుపుకున్నాడు. "పెద్దమ్మా, ఇంట్ల గిట్లయె. ఇగ చేను సంగతి..."

"చేను ఇయ్య. రేపు వీరన్న ఆటోల నేనే వస్తున్న. కందికాయ ఎట్లున్నదో చూడాలె. ఏమంటవ్ రా, మదనూ?"

మదన్‌మోహన్ బురద మొహంతో తల్లి వంక చూశాడు. ఆమె నిలబడే ఉంది. తను కూర్చుని ఉన్నాడు.

"పో అమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం పరామర్శకు వచ్చినవాళ్లంతా మదన్‌మోహన్ చేతిలో అరటిపండ్లు పెట్టి, ఈ వయసులో తల్లిని చెరువు చుట్టూ నడిపించినందుకు చీవాట్లు పెట్టి వెళ్లారు.