వన్ బై టూ ఆనందం

రాష్ట్రంలో ప్రతి మనిషీ రోజుకు అరగంట తగ్గకుండా సంతోషంగా ఉండాలని మంత్రి గారు మచిలీపట్నం సభలో ప్రకటించారు. ఈ అరగంటను ఎవరూ ఎగ్గొట్టడానికి వీల్లేదనీ, ఎగ్గొట్టినవారి వివరాలు తన దృష్టికి వస్తాయనీ కూడా చిరునవ్వుతోనే చెప్పారు. పథకం పేరు 'నిత్య సంతోషం'. సంతోషమంటే పెద్ద పెద్ద కోరికలు తీరడం కాదు, జీవనశైలిలో చిన్న చిన్న మార్పులు చేసుకోవడమేనని ఆయన గంటా నలభై నిమిషాలు వివరించారు. తక్కువ మాట్లాడాలి, తీపి తగ్గించాలి, నెమ్మదిగా నమిలి తినాలి అన్నారు. సభ అయ్యాక మనిషికి రెండేసి బందరు లడ్డూలు పంచారు. నేను నెమ్మదిగానే నమిలాను.

నా పేరు పురుషోత్తం. దివిసీమలో ఒక మండల పరిషత్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మండలం పేరు ఎందుకు లెండి, నాగాయలంక వెళ్లే బస్సు మా ఆఫీసు ముందు ఆగుతుంది, అంతవరకు చాలు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నో పథకాలు చూశాను. మా మండలంలో మొక్కలు కాగితాల మీద బ్రహ్మాండంగా పెరిగాయి. కానీ మనిషి సంతోషం గురించి ఇంత బెంగ పెట్టుకున్న ప్రభుత్వాన్ని చూడటం ఇదే మొదటిసారి. నిజంగానే నాకు కళ్లు చెమర్చాయి.

మా ఎంపీడీవో ఉదయ్ కిరణ్ గారు చురుకైన ఆఫీసరు. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచారు.

"పురుషోత్తం గారూ, మన మండలంలో అందరికంటే సంతోషంగా ఉన్న మనిషి ఒకరు కావాలండీ. సాయంత్రంలోగా."

"ఎందుకు సార్?"

"మోడల్ కోసం. ఆ మనిషి ఏం చేస్తున్నాడో చూసి, అదే అందరి చేతా చేయిద్దాం. జిల్లాలో మనమే ఫస్ట్ రావాలి."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సుందరరాజు మాస్టారి పేరు రాసిచ్చాను. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

సుందరరాజు మాస్టారూ, ఆయన భార్య రత్నకుమారి టీచరు గారూ రిటైరై రెండేళ్లయింది. ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్లూ ఆయనకు గుడివాడ వైపు, ఆవిడకు బందరు వైపు పోస్టింగులు. ఇద్దర్నీ ఒక చోట వెయ్యమని ఇరవై ఎనిమిదేళ్లు అప్లికేషన్లు పెట్టుకున్నారు. అన్నీ పైకి వెళ్లాయి, ఒక్కటీ కిందికి రాలేదు. వారానికోసారి ఆదివారం చర్చిలో కలిసేవారు. అక్కడా మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదింటికి ఇద్దరూ స్కూటరు మీద కాలవ లాకు దగ్గరికి వస్తారు. సూరయ్య బంకులో ఒక టీ చెప్పి వన్ బై టూ చేయించుకుంటారు. రేవు మెట్ల మీద కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టి తాగుతారు. పెద్దగా మాట్లాడుకోరు. ఐదున్నరకు గ్లాసులు ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోతారు. ఆ అరగంట వాళ్ల వైపు చూస్తే నాకు కాస్త అసూయగా ఉండేది.

ఎంపీడీవో గారు ఆ సాయంత్రమే టాబ్ పట్టుకుని రేవులోకి దిగారు.

"మాస్టారూ, మీ సంతోషానికి టెక్నిక్ ఏంటండీ?"

"టీ తాగుతామండీ."

"తలకి ఎన్ని?"

"ఇద్దరికీ కలిపి ఒకటండీ. ఎక్కువైతే ఆవిడకి నిద్ర పట్టదు."

"కాళ్లు ఎంత లోతు పెడతారు?"

మాస్టారు వంగి చూసుకున్నారు. "చీలమండ దాకా అనుకుంటానండీ."

"ఈయన అంతే పెడతారు బాబూ, జలుబు చేస్తుందని భయం. నేను ఇంకో మెట్టు దిగుతాను" అన్నారు రత్నకుమారి గారు.

మగవారికి చీలమండ, ఆడవారికి ఒక మెట్టు అదనం అని ఎంపీడీవో గారు రాసుకున్నారు.

ఆ రిపోర్టు మంత్రి గారికి తెగ నచ్చింది. వారం తిరక్కుండానే 'వన్ బై టూ మోడల్' సర్క్యులర్ వచ్చేసింది. సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా ప్రతి ఇద్దరూ ఒక టీ పంచుకోవాలి. ఆ అరగంట ఫోన్లు పక్కన పెట్టేయాలి. పక్కన పెట్టినట్టు అదే ఫోనుతో ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి.

జత లేనివారికి సచివాలయం సిబ్బంది జతలు కేటాయించారు. చెరువు గట్టు తగాదాతో ఆరేళ్లుగా కోర్టుకు తిరుగుతున్న స్టీఫెన్‌కూ శ్రీనివాసరావుకూ ఒకే టీ పడింది. మొదటి రోజే ఎవరి గ్లాసులోకి ఎక్కువ వచ్చిందో తేల్చడానికి మండల సర్వేయరు వెళ్లాల్సి వచ్చింది. మా ఆఫీసులో పదకొండు మందిమి. ఐదు జతలు కుదరగా మిగిలినవాణ్ణి నేను. నా పేరు పక్కన 'జత పెండింగ్' అని రాసి, ఆ అరగంట ఆఫీసు చూసుకోమన్నారు.

మోడల్ దంపతులను ప్రభుత్వం మరిచిపోలేదు. ఇద్దరినీ రిసోర్స్ పర్సన్లుగా నియమించింది. మాస్టారు ఆ ఉత్తర్వు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఇదేంటండీ పురుషోత్తం గారూ? రోజూ నాలుగున్నర నుంచి ఆరు దాకా నన్ను గుడివాడలో క్లాసు చెప్పమన్నారు. ఆవిణ్ణి బందర్లో."

"చాలా గొప్ప గౌరవం మాస్టారూ."

"ఏం చెప్పాలట?"

"దంపతులు కలిసి టీ తాగడం ఎలా అనేదండీ."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఇరవై ఎనిమిదేళ్లు తిరిగామయ్యా ఆ బస్సుల్లో! ఇన్నాళ్లకి ఒక అరగంట దొరికింది. అది బాగుందని ఊరందరికీ చెప్పడానికి మళ్లీ నేనొక బస్సు, ఆవిడొక బస్సు ఎక్కాలా?"

నాకు సిగ్గేసింది. ఆయన్ని ఎంపీడీవో గారి గదిలోకి తీసుకెళ్లాను.

"మీరు కాదంటే మోడలే సంతోషంగా లేదని రాయాల్సొస్తుంది మాస్టారూ. జిల్లా మొత్తం ఆగిపోతుంది" అన్నారాయన ఎంతో మర్యాదగా.

"పోనీ, ఇద్దర్నీ ఒకచోటే వేయండి సార్."

"స్పౌజ్ కేటగిరీలో అప్లై చేసుకోండి. వెంటనే ఫార్వర్డ్ చేస్తాను."

ప్రభుత్వ ఉత్తర్వును వెనక్కి తిప్పడం మాస్టారికి చేతకాదు. అప్లికేషన్ ఇచ్చి గుడివాడ బస్సెక్కారు. దాన్ని నేనే పంపించాను. ఎప్పట్లాగే పైకి వెళ్లింది.

ఏప్రిల్ నెలాఖరులో మంత్రి గారే స్వయంగా మా లాకు దగ్గరికి వచ్చి, కాలవలో కాళ్లు పెడతారని కబురొచ్చింది. వేదిక కట్టారు, షామియానా వేశారు, ఆహ్వానపత్రాలు పంచారు. తీరా అందరూ కాలవలోకి తొంగి చూసేసరికి నీళ్లు లేవు. వేసవిలో కాలవ కట్టేస్తారని డెల్టాలో పసిపిల్లలకు కూడా తెలుసు. మా పదకొండు మందిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అడుగున మిగిలిన బురదలో రెండు గేదెలు మాత్రం పరమ సంతోషంగా ఉన్నాయి. వాటికి యాప్ లేదు.

ఉదయ్ కిరణ్ గారు తొణకలేదు. రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర్నుంచి రెండు వందల నీలం టబ్బులు తెప్పించి, ట్యాంకరుతో నీళ్లు పోయించారు.

"కడిగారా?" అని అడిగారు.

"కడిగాం సార్, ఒకసారి" అన్నారు మావాళ్లు.

మంత్రి గారి టబ్బుకు బంతిపూల దండ చుట్టారు. మోడల్ దంపతుల్ని గుడివాడ నుంచి ఒకరిని, బందరు నుంచి ఒకరిని కార్లలో తెచ్చి వేదికెక్కించారు. ఆయనకు మగవాళ్ల వరసలో ఈ చివర కుర్చీ, ఆవిడకు ఆడవాళ్ల వరసలో ఆ చివర కుర్చీ వేశారు. సరిగ్గా ఐదింటికి మంత్రి గారి ప్రసంగం మొదలైంది. నాలుగు వందల కాళ్లు టబ్బుల్లోకి దిగాయి. ఎక్కడెక్కడి పిల్లులో లాకు వైపు నడవసాగాయి. ఉత్తర్వు ప్రకారం నేను ఆఫీసుకు వచ్చేశాను. అది కూతవేటు దూరమే.

పది నిమిషాలైందో లేదో, మాస్టారు రోజూ బస్సెక్కేముందు సూరయ్య బంకు దగ్గర వదిలి వెళ్లే స్కూటరు వచ్చి వెనక వరండా దగ్గర ఆగింది. మాస్టారూ టీచరు గారూ దిగారు. ఆవిడ చేతిలో చిన్న ఫ్లాస్కు ఉంది.

"ఇక్కడ కాసేపు కూర్చోవచ్చాండీ?" అన్నారు మాస్టారు. "ఈ టైములో మండలం మొత్తమ్మీద మనుషుల్లేని చోటు ఇదొక్కటే."

"వేదిక మీద నుంచి ఎలా వచ్చారండీ?"

"అందరి కాళ్లూ టబ్బుల్లో ఉన్నాయిగా! లేచి పట్టుకునేవాళ్లు లేరు" అని టీచరు గారు నవ్వారు. ఆవిడ అలా నవ్వగా చూసి నెల దాటింది.

సూరయ్య దగ్గర పట్టించుకొచ్చిన ఒక్క టీని రెండు గ్లాసుల్లో సగం సగం పోశారు. మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ ఇంకో మెట్టు కింద కాళ్లు పెట్టారు. నేను నా కుర్చీని పక్కకు జరుపుకుని అటెండెన్స్ రిజిస్టరులోకి చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో వెనక గేటు చప్పుడైంది. పంచె పైకెత్తి పట్టుకుని, చెప్పుల్లేకుండా ఒకాయన గబగబా వస్తున్నారు. వెనకాలే ఒక పిల్లి వస్తోంది. చూద్దును గదా, మంత్రి గారు! నేను లేచి నిలబడ్డాను.

"ఇక్కడ కుళాయి ఉందా అండీ?" అన్నారు. "ఒకటే రొయ్యల వాసన."

కుళాయి చూపించాను. మూడుసార్లు కాళ్లు కడుక్కున్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే వచ్చి మెట్టు మీద చతికిలబడ్డారు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నారు.

"కాస్త టీ తాగండి బాబూ" అని రత్నకుమారి గారు ఫ్లాస్కు మూతలోకి తన గ్లాసులోంచి కొంచెం, మాస్టారి గ్లాసులోంచి కొంచెం వంపి ఇచ్చారు.

ఆయన తాగారు. సముద్రం వైపు నుంచి చల్లగాలి తోలింది. మంత్రి గారు కళ్లు మూసుకున్నారు.

"ఇలా ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో అమ్మా" అన్నారు మెల్లగా.

ఆ క్షణంలో ఆయన మీద నాకు నిజమైన గౌరవం కలిగింది. మాస్టారి మొహంలోనూ ఏదో ఆశ కనిపించింది. ఈయనకు అర్థమైంది, ఇక మా అరగంట మాకు వదిలేస్తారు అన్నట్టు భార్య వైపు చూశారు.

మంత్రి గారు కళ్లు తెరిచారు. మెట్లనూ, కుళాయినీ, రెండు గ్లాసులనూ, చేతిలోని మూతనూ ఒకటొకటిగా పరిశీలనగా చూశారు.

"చాలా బాగుందమ్మా" అంటూ జేబులోంచి ఫోను తీశారు. "హలో, ఉదయ్ కిరణ్! రాసుకోండి. రేపట్నుంచి రాష్ట్రమంతా వన్ బై త్రీ."

రత్నకుమారి గారు ఆయన చేతిలోంచి మూత తీసుకుని, ఫ్లాస్కుకు బిగించారు. మాస్టారు స్కూటరు తాళం కోసం జేబు తడుముకున్నారు.