పీచయ్య వేసిన వదులు ముడి

ఒక పెద్ద అడవిలో తేనె కార్ఖానా ఒకటి ఉండేది. పెద్ద అడవి అంటే మామూలు పెద్దది కాదు, తూర్పు చివర పుట్టిన కాకి పడమటి చివరకు చేరేసరికి ముదిమనవళ్ళను ఎత్తుకునేది. ఆ కార్ఖానాలో కాగే తేనె వాసనకు చందమామ రెండుసార్లు కిందికి జారి, సిగ్గుపడి మళ్ళీ పైకెక్కాడని ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు.

కార్ఖానాకు అధ్యక్షుడు గుండప్ప అనే ఏనుగు. పొయ్యిల దగ్గర మేస్త్రీ ఎలుగుబంటి. ఒక కొండ మీద నుంచి కప్ప వాన కబురు పంపేది. ఇంకో కొండ మీద నుంచి కొండముచ్చు ఎన్ని కుండల తేనె దిగిందో చెప్పేవాడు.

ఈ కబుర్లు మోసే ఏర్పాటంతా పీచయ్య అనే గిజిగాడిది. గడ్డిపోచలు పేని, రెండు కొండల నుంచి కార్ఖానా తుమ్మచెట్టు దాకా తాళ్ళు అల్లాడు. ఆ అల్లిక చూసి సాలెపురుగులు వృత్తి మానేసి అడవి వదిలి పోయాయి. అక్కడ కప్ప తాడు లాగితే ఇక్కడ ఎండుకాయలు గలగలమనేవి. ఆ చప్పుడును బట్టి ఎలుగు పొయ్యి ఎగదోసేవాడు, తగ్గించేవాడు. ఇంత పనికీ పీచయ్యకు దక్కింది తుమ్మచెట్టు మీద ఒక కొమ్మ. దానికే గూడు, గూట్లో పెళ్ళాం, ఆమె కింద మూడు గుడ్లు.

ఒకరోజు సలహాదారు నక్క సభలో లేచాడు.

"అధ్యక్షా, రేపు పీచయ్య కన్ను మూస్తే ఈ అల్లిక ఎవడికి అర్థమవుతుంది? గోరింకలను పెట్టుకోండి. ఏ జంతువు మాటైనా ఏ జంతువుకైనా పొల్లుపోకుండా అప్పజెబుతాయి. రేపు మూడో కొండ కలిసినా మళ్ళీ అల్లే బాధ లేదు."

గుండప్ప పీచయ్యను పిలిపించాడు. "ఏమయ్యా, ఈ తాళ్ళ నిండా ముడులేమిటి?"

"కప్పది పిరికి గుండె దొరా. తుంపర పడినా వరదంత లాగుతుంది. అందుకని వదులు ముడి వేశాను, లాగిన దాంట్లో పదో వంతే ఇక్కడికొస్తుంది. కొండముచ్చుకు గొప్పలెక్కువ. నాలుగు కుండలుంటే నలభై అంటాడు. ఆ తాడుకీ అంతే."

"ఇదెక్కడైనా రాసిపెట్టావా?"

"అల్లి పెట్టాను దొరా."

సభ నవ్వింది. గాడిద సభ్యుడికి ఏమీ అర్థం కాలేదు గానీ అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

గోరింకలకు పరీక్ష పెట్టారు. ఒక గోరింక గుండప్పలా ఘీంకరిస్తే, ఆమడ దూరంలో ఉన్న గుండప్ప భార్య "వస్తున్నా" అంటూ బయల్దేరి వచ్చింది. ఇంకేం కావాలి. అందరూ తోకలెత్తారు. ఆ సాయంత్రమే అల్లిక పీకేసి, పీచయ్యను కొమ్మ ఖాళీ చేయమన్నారు.

"గుడ్లు పగలడానికి నాలుగు రోజులు పడుతుంది దొరా."

"మూడు రోజులిచ్చాం. గుడ్లకు నువ్వే నచ్చజెప్పుకో."

మర్నాడు తెల్లారగానే కప్ప నెత్తిన ఒక మంచుబొట్టు పడింది. "వరదొచ్చింది, కొట్టుకుపోతున్నాం" అంది కప్ప. గోరింక వెళ్ళి ఎలుగు చెవిలో అదే వణుకుతో అదే మాట చెప్పింది. ఎలుగు పొయ్యిలు ఆర్పేసి, కుండలు గుట్టెక్కించడం మొదలుపెట్టాడు.

పీచయ్య కొమ్మ మీద నుంచి చూడలేకపోయాడు. "మేస్త్రీ, ఒక్కసారి ఆకాశం చూడు. మబ్బు తునకైనా లేదు."

"ఆకాశం చూడ్డం నా పని కాదు పీచయ్యా. కబురు వినడమే నా పని."

గుట్ట మీద చీమలుండేవి. మధ్యాహ్నానికి కుండలు ఎంత నున్నగా అయ్యాయంటే, గుండప్ప వంగి చూస్తే అందులో తన ముఖం, తొండంతో సహా కనిపించింది. సరిగ్గా అప్పుడే పొరుగడవి వాళ్ళు విందుకొచ్చారు. కొండముచ్చు నలభై కుండలన్నాడని, గోరింక కూడా నలభై అంటే నలభై అనే చెప్పిందని, పొద్దునే వాళ్ళకు పిలుపు వెళ్ళింది. వచ్చినవాళ్ళు ఖాళీ కుండలు వాసన చూసి వెళ్ళిపోయారు.

సభ మళ్ళీ కూడింది.

"విన్నది చెప్పాను" అంది గోరింక.

"చెప్పింది చేశాను" అన్నాడు ఎలుగు.

"ఇన్నేళ్ళుగా చెబుతున్నదే చెప్పాను" అంది కప్ప. అన్నీ నిజాలే.

నక్క గొంతు సవరించుకున్నాడు. "తప్పు పీచయ్యది, అధ్యక్షా. కప్ప సంగతి ఇన్నేళ్ళూ సభకు తెలియనీకుండా ముడి కింద దాచాడు. ఇక నుంచి కప్పకూ గోరింకకూ మధ్య కూర్చుని, కప్ప మాటను పదో వంతుకు తగ్గించి చెప్పడమే అతనికి శిక్ష. కొండముచ్చు దగ్గరా అంతే."

పీచయ్య తల వంచాడు. "శిక్ష ఒప్పుకుంటాను దొరా. కానీ రెండు కొండల మీద ఒక్కణ్ణే ఎలా కూర్చోను? మా బావమరిది ఉన్నాడు. మా పెదనాన్న కొడుకులు ఆరుగురున్నారు."

"పిలిపించు."

"వాళ్ళ సంసారాలకు కొమ్మలు..."

"కొమ్మలేమిటయ్యా, ఆ వెనకున్న తుమ్మతోపంతా తీసుకో" అన్నాడు గుండప్ప విసుగ్గా.

నాలుగో రోజున గుడ్లు పగిలాయి. గోరింకల ఏర్పాటు దిగ్విజయమైందని నక్క మెడలో దండ వేశారు. ఒక్కడు చేసిన పని ఇప్పుడు ఎనిమిది గిజిగాళ్ళు, పన్నెండు గోరింకలు కలిసి, ఇంచుమించు అంత బాగానూ చేస్తున్నారు.

నీతి: పని సరిగ్గా చేసేవాడికి ఉన్న కొమ్మ పోతుంది, ఆ పని చెడేదాకా ఓపిక పడితే తోపే వస్తుంది.