దుప్పటి కింది అర్థం

రాతిపలక మీద కప్పిన ఎర్రంచు దుప్పటి లేదు. లాటన్ ఊరి కొమాంచీ తెగ ఐక్యతకు ఇంతకంటే పెద్ద ప్రమాదం రాబోదని అధ్యక్షుడు డెల్మర్ వాక్వా ఒక్క చూపులో గ్రహించాడు. ఆయన దూరదృష్టి అలాంటిది.

"మన పేరుకు అర్థం ఇదీ" అని పలక పైభాగాన పెద్ద అక్షరాలు. వాటి కింద ఏమీ లేదు. ఆ సంగతి ఇప్పుడు ఉత్సవ మైదానమంతటికీ కనిపిస్తోంది.

సాయంత్రం ఆయన్ని పదవిలో ఉంచాలా దించాలా అన్న ఓటింగ్. అది ముగిశాకే ఆవిష్కరణ. కొమాంచీ అంటే 'శత్రువులు' అని చెక్కాలని ఒక వర్గం, 'మాతో ఎప్పుడూ తగువుకొచ్చేవాళ్ళు' అని చెక్కాలని రెండో వర్గం. ఆ పేరు యూట్ జాతివాళ్ళు మనకు పెట్టింది, మనల్ని మనం నుమునూ, అంటే మనుషులం, అనుకుంటాం, అదే చెక్కాలని మూడో వర్గం. "మీరన్నదే చెక్కిస్తున్నా" అని ముగ్గురికీ మాటిచ్చి, ఏమీ చెక్కకుండా దుప్పటి కప్పించడం మహానాయకులకే తట్టే ఉపాయం.

"దుప్పటి ఎవడు తీశాడ్రా?" మైకులో గర్జించాడు డెల్మర్.

"ఇంకెవరు, శత్రువుల వర్గం!"

"మేమా? పొద్దున్నించీ దాని చుట్టూ తిరిగింది మీరు!"

"కాస్త మనుషుల్లా మాట్లాడండర్రా!"

"ఓహో, మీరొక్కళ్ళే మనుషులా?"

వేయించిన రొట్టె ఒకటి గాల్లో ఎగిరింది.

ముఖ్య అతిథి, యూట్ పెద్ద ఆర్విల్ టవపాంట్, నీడలో కూర్చుని ఆసక్తిగా చూస్తున్నాడు. రేడియో అమ్మాయి మైకు పట్టింది. "తాతా, మీవాళ్ళు పెట్టిన ఈ పేరుకు అసలు అర్థమేంటి?"

ఆయన పెదవులు ముందుకు చాచి గుంపును చూపించాడు.

అప్పుడే ఆయన భుజాల మీది ఎర్రంచు దుప్పటి డెల్మర్ కంటపడింది.

"పెద్దమ్మా, అది వెనక్కి తెప్పించు," అన్నాడు, కానుకలు పంచిన లోరెనాతో.

"ఇచ్చింది వెనక్కడుగుతావా? మన ఇంటావంటా ఉందా?"

"అయితే విచారణ జరగాల్సిందే! ఇచ్చినవాళ్ళ పేరు ఇక్కడే, అందరి ముందూ చెప్పాలి!"

లోరెనా మైకు లాక్కుంది. "పొద్దున నీకు గౌరవ నృత్యం చేశాం. గౌరవం అందుకున్నవాడు కానుకలు పంచాలి కదా. చప్పట్లు వినగానే పొంగిపోయి, 'ఈ మైదానంలో కనబడ్డ దుప్పటల్లా అతిథులకు పంచేయండి' అన్నదెవరో చెప్పండర్రా!"

మూడు వర్గాలూ చరిత్రలో మొదటిసారి ఒక్క గొంతుతో పలికాయి.

"డెల్మర్ వాక్వా!"