నీలవేణి నోటి గుట్టు

"నేరస్థుడు గీ ఇంట్లనే ఉన్నడు. నేను చాయ తాగేలోపల పట్టిస్త," అని మర్రిగూడలో అత్తగారి గడప తొక్కుతూనే మల్లేశం ప్రకటించాడు. పప్పుల మిల్లులో మాయమైన తూకం రాళ్లను కనిపెట్టిన నాటి నుంచి ఆయన డిటెక్టివే. అవి ఆయన చేతిసంచిలోనే దొరికాయన్నది వేరే సంగతి.

బావ తెలివి మీద గోపీకృష్ణకు పెద్ద నమ్మకం లేదు. కానీ ప్రాణం కొట్టుకుంటోంది. ముచ్చటపడి తెచ్చుకున్న నాలుగు ఆఫ్రికా సిక్లిడ్ చేపల్లో రెండు తెచ్చిన కొత్తలోనే పోయాయి. మిగిలిన జంటలో పసుపుపచ్చ మగది బాగానే ఉంది. నీలం ఒంటి మీద చారలున్న ఆడది, నీలవేణి, ఇరవై రోజులుగా మేత ముట్టడం లేదు. దవడ ఉబ్బిపోయి రాళ్ల చాటునే ఉంటోంది.

మల్లేశం భూతద్దంతో అద్దాల తొట్టి చుట్టూ తిరిగాడు. మగచేపను అరగంట నిలదీసి చూసి, "రెప్ప కొట్టలే, గట్టోడు" అని రాసుకున్నాడు. తర్వాత బల్ల కింద తడి బకెట్ దొరికింది. దాని అంచున తెల్లటి పూత. అది బోరు నీళ్ల పూతేనని ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఎముకలు వంచే ఫ్లోరైడ్ ఉన్న ఆ బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు మాత్రమే. గోపీకృష్ణ చేపలకు కూడా నల్లా నీళ్లే పోస్తాడు.

"విషప్రయోగం," అన్నాడు మల్లేశం తృప్తిగా.

అల్లుడికి కోడికూర వండుతున్న సైదమ్మ వంగిన మోకాళ్లతో మెల్లగా వచ్చి బకెట్ తనదేనంది. నెల కింద నల్లా రాక బోరు నీళ్లు పోసిందట. చేపలు హుషారుగా తిరిగాయని మళ్లీ అవే పోసిందట.

"నీ మోకాళ్లను జూసుకుంట గూడ గా నీళ్లే పోసినవా అమ్మా?" అన్నాడు గోపీకృష్ణ. సైదమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ మాట ఎందుకన్నానా అని అతనికే సిగ్గేసింది.

మల్లేశానికి అదేం పట్టలేదు. సాక్షి చచ్చేలోపు వాంగ్మూలం కావాలంటూ చాయ వడగట్టే జాలితో స్టూలెక్కాడు. స్టూలు జారింది. చెయ్యి భుజం దాకా తొట్టిలో మునిగింది. నీలవేణి జాలిలో పడి గిలగిలా కొట్టుకుని నోరు తెరిచింది. లోపలి నుంచి గోరంత పిల్లలు ఒకటి, రెండు, పది, పాతిక దాకా బయటికి ఈదాయి.

గోపీకృష్ణకు అప్పుడు గుర్తొచ్చింది. వీటికి బోరు నీళ్లలాంటి గట్టి నీళ్లే పడతాయని, తల్లి పిల్లల్ని నోట్లోనే మోస్తూ తిండి మానేస్తుందని దుకాణదారు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మర్రిగూడలో పుట్టినవాడు కనుక గట్టి నీళ్ల మాట పరాచికమనుకున్నాడు, మిగతాది వినలేదు.

"అందుకే నేనన్న, నేరస్థురాలు నోరు ఇప్పుతలేదని," అన్నాడు మల్లేశం చొక్కా పిండుకుంటూ.

సైదమ్మ తొట్టిలోకి వంగి చాలాసేపు చూసింది. "నా మోకాళ్లను తిన్న నీళ్లు దీనికి పురుడు పోసినయి," అంది.

గోపీకృష్ణ బల్ల కింది బకెట్ అందుకుని బోరు దగ్గరికి నడిచాడు.