బావగారి కోసం మోగిన సైరన్

పొద్దున్నే ఆనకట్ట గేట్ల ఆపరేటరు గ్రీజు డబ్బా, పాత గుడ్డలు సర్దుకుంటున్నాడు. భార్య టీ గ్లాసు చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"ఇవాళ మా అన్నయ్యావాళ్లు వస్తున్నారు. గుర్తుందా?"

"ఊఁ."

"ఈసారైనా ఏదో ఒకటి చూపించండి. పోయినసారి ఏమన్నాడో తెలుసుగా."

తెలియకేం. ఆమె అన్న ఎప్పుడొచ్చినా ఆనకట్ట గేట్లు మూసే ఉండేవి. పోయినసారి జలాశయంలో పడవెక్కి, ఒడ్డున పార్కులో ఓ కునుకు తీసి, వెళ్లేముందు అందరి ఎదుటా అన్నాడు. "బావ ఉద్యోగం హాయి. తలుపు వేసుంటే చాలు, జీతం వచ్చేస్తుంది." పిల్లలు కూడా పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆపరేటరు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

గేటు ఎత్తడం అతని చేతిలో లేదు. నీళ్లు వదలాలంటే ఇంజనీరు చెప్పాలి. అయితే గేట్లెత్తే ముందు దిగువ నదిలోవాళ్లని హెచ్చరించే సైరన్‌కి ఇవాళ పరీక్ష ఉంది. అది మాత్రం అచ్చంగా అతని చేతిలోదే. బావగారు ఆనకట్ట మీద అడుగు పెట్టేసరికి సైరన్ మోగాలి. కొండలు అదరాలి. అప్పుడు తను కంట్రోల్ గదిలోంచి నెమ్మదిగా బయటికి రావాలి. అంతే, ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు.

సైరన్‌కి ముందు మైకులో 'ఇది పరీక్ష మాత్రమే' అని చెప్పడం పద్ధతి. చెబితే బావగారూ వింటాడు. ఇంక పసేముంది? ఆ ఒక్క ముక్కా మింగేశాడు.

ఫోను మోగింది. "బావా, కొండ మలుపు దగ్గరున్నాం. ఇదిగో వచ్చేశాం!"

ఆపరేటరు మీట నొక్కాడు.

పడవలన్నీ ఒక్కసారిగా ఒడ్డుకి తిరిగాయి. పార్కులో పడుకున్నవాళ్లు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తారు. భయంతో కాదు, గేట్లకి ఎదురుగా ఉన్న వంతెన మీద ముందు వరుస కోసం. అతిథిగృహంలోంచి తువ్వాలు చుట్టుకుని ఒకాయన, సగం గడ్డం గీసుకుని ఇంకొకాయన వచ్చారు. చేపలు వేయించే ఆవిడ పొయ్యితో సహా మకాం మార్చేసింది. గేట్లెత్తుతున్నారన్న కబురు ఫోన్లలో చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. బస్సులు, కార్లు, మోటారు సైకిళ్లు, అన్నీ ఒకే రోడ్డు మీద పడ్డాయి.

ఆపరేటరు గబగబా మైకు అందుకున్నాడు. "ఇది పరీక్ష మాత్రమే. గేట్లు ఎత్తడం లేదు. దయచేసి ఇళ్లకి వెళ్లండి."

వంతెన మీద ఒక ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కదలకండ్రా! మనల్ని పంపేసి, వాళ్ల చుట్టాలకి చూపించుకుంటారు."

అందులో కొంత నిజం ఉండటంతో ఆపరేటరుకి చెమటలు పట్టాయి. జనం రెట్టింపయ్యారు.

ఇంజనీరు జీపుని రోడ్డు మీదే వదిలేసి, ఎండలో నడిచి, రొప్పుతూ గదిలోకొచ్చాడు.

"ఎవరయ్యా గేట్లెత్తమంది?"

"ఎవరూ అనలేదు సార్. సైరన్ పరీక్ష."

"ముందు మైకులో చెప్పావా?"

ఆపరేటరు పాత గుడ్డతో మీట తుడవడం మొదలెట్టాడు.

"చెప్పావా, లేదా?"

"తర్వాత చెప్పా సార్."

"తర్వాతా! తడిశాక గొడుగు తీసినట్టుంది. అక్కడ ఎవరైనా కింద పడ్డారంటే నీ ఉద్యోగం ఉండదు. నాదీ ఉండదు."

జేబులో ఫోను మోగుతూనే ఉంది. బావగారే. ఎత్తడానికి ఆపరేటరుకి చెయ్యి రాలేదు. బయట జనం చప్పట్లు మొదలెట్టారు. "ఎత్తు! ఎత్తు!"

ఇంజనీరు నీటిమట్టం చూశాడు. ఎగువన వానలు పడుతున్నాయి, రేపు ఎలాగూ కొంత నీరు వదలాల్సిందే. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. దిగువ నదిలో పిల్లిపిల్ల కూడా లేదు, సైరన్ పుణ్యమా అని.

"రేపటిది ఇవాళే కానియ్. మధ్య గేటు ఎత్తు. చూసి పోతారు."

గేటు లేచింది. నీళ్లు తెల్లగా విరుచుకుపడ్డాయి. జనం కేకల్లో ఆ హోరు కూడా వినిపించలేదు. చంకలో పిల్లలు తుంపర్లకి కళ్లు మూసుకుని కేరింతలు కొట్టారు. ఇంజనీరు కూడా కోపం మరిచి ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఆపరేటరు కిటికీలోంచి బావగారి బట్టతల కోసం వెతికాడు. వంతెన మీద బట్టతలలు చాలానే ఉన్నాయి. కావలసినది లేదు.

పొద్దు వాలేసరికి గేటు దించేశారు. జనం కడుపు నిండినట్టు ఇళ్లకి మళ్లారు. అందరూ పోతుంటే ఎదురుగా ఒక్క వ్యాను వచ్చి ఆగింది. బావగారు దిగాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"పొద్దుట్నుంచీ ఆ మలుపులోనే బావా! ముందుకీ లేదు, వెనక్కీ లేదు. మీ చెల్లెమ్మకి మోకాళ్లు పట్టేశాయి. అడ్డంగా కొండ, ఏమీ కనపడి చావదు. ఎవడో పనిలేని వెధవ ఊరికే సైరన్ కొట్టాడంట, దాంతో వచ్చిన తంటా ఇదంతా. వాణ్నొక్కసారి చూపించు, నాలుగు తగిలిస్తా. వాడు మీ ఆఫీసువాడేనా?"

అన్న కోసం ఆనకట్ట దగ్గరికొచ్చిన భార్య మొగుడి వైపు చూసింది. ఆపరేటరు గొంతు సవరించుకున్నాడు.

"మాది గేట్ల విభాగం బావగారూ. సైరన్ వేరేవాళ్లు చూస్తారు."